మారథానుకు ముందు స్నేహితుల దూరపు పరుగు

మారథాను అను మాట ఒకప్పుడు వార్తాపత్రికలలో మాత్రమే కనబడెడిది. ఇప్పుడు పల్లెటూళ్లలోను వినబడుచున్నది. పట్టణమున ఉద్యోగము చేయుచున్న కొడుకో మనుమడో పండుగకు ఇంటికి వచ్చి, కోడికూతతో లేచి, పొరుగూరు దాటునంత దూరము పరుగెత్తి, చెమటలు కారుచు తిరిగి వచ్చినచో ఇంటి పెద్దలకు ఆశ్చర్యమును, ఆందోళనమును గలుగుట సహజము. "ఎవరు తరుముచున్నారురా నిన్ను?" అని అవ్వ అడుగును. ఆ ప్రశ్న నవ్వులాటకు అడిగినదే యైనను దానికి తగిన సమాధానము చెప్పవలసియే యున్నది. మారథాను అనగా నేమి? దానికి ముందు స్నేహితులు గుంపుగా గూడి చేయు కఠినమైన దూరపు పరుగు ఎందులకు? అందులో మేలెంత, కీడెంత? ఈ విషయములను నేటి ప్రసంగమున వివరించెదను.

మారథాను గ్రీసు దేశమున ఏథెన్సు నగరమునకు ఈశాన్యమున నున్న యొక మైదానము. క్రీస్తు పూర్వము 490లో అచ్చట ఏథెన్సు వారు పారసీక సైన్యమును ఓడించిరి. ఆ విజయవార్తను ఒక దూత ఆగక పరుగెత్తి నగరమునకు దెచ్చి, చెప్పినంతనే ప్రాణములు విడిచెనని కథ కలదు. ఇది చాలకాలమునకు తరువాతి రచయితలు చెప్పిన గాథ. ఆ యుద్ధము జరిగిన శతాబ్దములోనే జీవించిన చరిత్రకారుడు హెరొడోటసు చెప్పినది వేఱు. యుద్ధమునకు ముందు సహాయము కోరుటకై యొక పరుగుబంటు ఏథెన్సునుండి స్పార్టాకు పోయెనని మాత్రమే యాతడు వ్రాసెను. గాథ యెట్టిదైనను, 1896లో ఏథెన్సులో ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరించినపుడు ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయాల్ సూచనపై మారథానునుండి ఏథెన్సునకు సుమారు 40 కిలోమీటర్ల పందెము నేర్పరచిరి. అందు గెలుపొందినవాడు స్పిరిడాన్ లూయీ యను గ్రామీణుడు. నీళ్లు మోసి జీవించినవాడు. 1908లో లండను క్రీడలలో ఈ దూరము 26 మైళ్ల 385 గజములైనది. 1921లో దానినే శాశ్వత ప్రమాణముగా స్థిరపరచిరి. అది 42 కిలోమీటర్ల 195 మీటర్లు; మన పాత లెక్కలో మూడామడలకు పైచిలుకు.

మూడామడలు నడచుట మన పెద్దలకు క్రొత్త కాదు. సంతకును, తీర్థమునకును, పెండ్లికిని అంతకంటె నెక్కువ దూరము నడచినవారు కలరు. కాని నడక వేఱు, పరుగు వేఱు. నడచువాడు చెట్టు నీడను కూర్చుండును, చద్దిమూట విప్పును, బావి కనబడినచో దాహము తీర్చుకొనును. మారథాను పరుగెత్తువాడు ఆ సుఖములు లేక మూడు, నాలుగు, ఐదు గంటలపాటు తన దేహమును నడిపింపవలెను. అట్టి శక్తి ఒకనాటి ఉత్సాహముచే రాదు. అది నెలల తరబడి కూడబెట్టవలసిన ధనము. ఆ కూడబెట్టుటలో ముఖ్యమైన యంగము వారమున కొకమారు చేయు దూరపు పరుగు.

ఈ దూరపు పరుగునకు లోకమునందు మిక్కిలి ప్రసిద్ధి గాంచిన యుదాహరణము న్యూజీలండు దేశముది. ఆక్లండు నగరమున ఆర్థర్ లిడియార్డు అను నతడు 1917లో జన్మించెను. చెప్పుల కర్మాగారమున పనిచేసినవాడు. వైద్యుడు గాడు, శాస్త్రవేత్త గాడు. యౌవనమున బంతియాటలాడి తాను దృఢకాయుడనని తలచుచుండెను. అట్లుండగా తనకంటె పెద్దవాడైన యొక స్నేహితునితో అయిదు మైళ్లు పరుగెత్తవలసి వచ్చి, ఊపిరి యందక, గుండె కొట్టుకొనగా, ఈ యీడుననే ఇట్లున్నచో మఱి యిరువది యేండ్లకు నాగతి యేమగునని ఆలోచనలో బడెను. అప్పటినుండి తన దేహమునే పరీక్షాశాలగా జేసికొని, వారమునకు ఎన్ని మైళ్లు పరుగెత్తినచో బలము పెరుగును, ఎన్నింటికి క్షీణించును అని సంవత్సరముల తరబడి పరిశీలించెను. 1953లోను, 1955లోను తన దేశపు మారథాను పందెమున ప్రథముడయ్యెను. ఇరుగుపొరుగు కుర్రవాండ్రు కొందఱు ఆయన వెంట పరుగెత్త సాగిరి. వారు ఎక్కడెక్కడినుండియో ఏరి తెచ్చిన వీరులు గారు. ఆ పేటలవారే, ఆ చుట్టుపట్లవారే.

ఆదివారమునాడు వారందఱు కలసి చేయు పరుగు 22 మైళ్లు, అనగా 35 కిలోమీటర్లు. మన లెక్కలో పదునొకండు క్రోసులు. ఓవైరాకా యను పేటలో బయలుదేరి, టిటిరాంగి మీదుగా వైటాకెరీ కొండలనెక్కి, వేయి యడుగులకు పైబడిన యెత్తున నున్న వైయటరువా యను గ్రామమును చేరి, మఱల దిగి యిల్లు చేరుట వారి నియమము. ఈ మార్గమునకు ఆ గ్రామము పేరే నిలిచిపోయినది.

అట్టి పరుగెట్లు సాగునో కొంచెము ఊహింపుడు. మొదటి మూడు నాలుగు మైళ్లు మాటలతో, పరిహాసములతో గడచును. ఎవనికిని అలసట తెలియదు. తొందరపాటు గలవాడు ముందుకు దుముకజూచును. అనుభవము గలవాడు వానిని వెనుకకు లాగును. పిదప చడావు మొదలగును. మాటలు పొట్టివగును. అడుగు చిన్నదగును. పదునైదవ మైలు దాటునప్పటికి పిక్కలు బిగియును. దిగుడులో తొడలు మండును. ఎక్కుటకంటె దిగుటలో తొడ కండరములకు నొప్పి యెక్కువ. ఏలయన, దేహభారము ముందుకు పడిపోకుండ ఆపుచు, ఆ కండరములు సాగుచునే బిగియవలసి యుండును. గుంపు పలుచనగును. కడపటి అయిదు మైళ్లలో ఒక్కొక్క దీపస్తంభమును ఒక్కొక్క మజిలీగా లెక్కించుకొనుచు పోవుదురు. అప్పుడు పక్కన వినబడు తోటివాని యడుగుల చప్పుడే ఆధారము. పీటర్ స్నెల్ అను యువకుడు తొలిసారి ఆ మార్గమును ముగించినపుడు అలసటచే కన్నీరు ఆపుకొనలేకపోయెనట. ఆ కన్నీటి ఫలమేమో ముందు చెప్పెదను.

ఇంత కఠినమైన పని యెందులకు? దీనిని తెలిసికొనుటకు దేహము ఏ యింధనముతో పరుగెత్తునో తెలియవలెను. మనము తిను అన్నము, రొట్టె, పండ్లు జీర్ణమై చక్కెరగా మాఱి, అందు కొంత గ్లైకోజెన్ అను రూపమున కండరములందును, కాలేయమందును నిలువయుండును. ఈ నిలువ మొత్తము సుమారు అరకిలో. దానినుండి వచ్చు శక్తి రమారమి 2000 కేలరీలు. ఇక ఖర్చు చూతము. పరుగెత్తు మనుష్యునకు తన బరువులో ఒక్కొక్క కిలోకు, ఒక్కొక్క కిలోమీటరు దూరమునకు, సుమారు ఒక కేలరీ వ్యయమగును. 60 కిలోల మనిషి 42 కిలోమీటర్లు పోవుటకు 2500 కేలరీలకు పైగా కావలెను. గాదెలో రెండువేలు, కావలసినవి రెండువేల యైదువందలు. కనుక దానిమీదనే ఆధారపడి వేగముగా పోవువానికి, ముప్పది కిలోమీటర్లు దాటిన పిమ్మట గాదె యడుగంటుట తథ్యము. అప్పుడు కాళ్లు సీసమువలె బరువెక్కును, మనస్సు మసకబారును, ఉత్సాహమంతయు చల్లారును. పరుగువారు దీనిని గోడ తగులుట యందురు. కంటికి కనబడని గోడయే యైనను తాకిడి మాత్రము నిజమైనది.

అయితే దేహమున మఱియొక నిలువ కలదు. అది క్రొవ్వు. బక్కపలుచని మనిషియందును కొన్ని కిలోల క్రొవ్వుండును. అది ఒక మారథానుకు గాదు, పలు మారథానులకు చాలును. గాదెలోని గింజలు చేతికందునట్టివి. పాతరలోని ధాన్యము త్రవ్వి తీయవలసినది. లేదా పొయ్యిని దలచుకొనుడు. గ్లైకోజెన్ ఎండుతాటాకు వంటిది. భగ్గున మండును, వెంటనే అయిపోవును. క్రొవ్వు తుమ్మమొద్దు వంటిది. మెల్లగ రాజుకొనును, చాలసేపు నిలుచును, కాని మంట సాగుటకు ఎక్కువ గాలి కావలెను. అభ్యాసము లేనివాని దేహము తాటాకునే తగులబెట్టును. దూరపు పరుగుల నలవాటు చేసికొన్నవాని దేహము మొద్దును మండించు విద్య నేర్చుకొనును. తాటాకును చివరివఱకు పొదుపుచేయును.

ఈ విద్య దేహమున నెచ్చట జరుగునో కూడ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కండరములోని ప్రతి కణమునందు మైటోకాండ్రియా యను సూక్ష్మమైన కొలుములు కలవు. ప్రాణవాయువుతో ఆహారమును దహించి శక్తి నిచ్చునవి యవియే. వారము వారము దూరపు పరుగులవలన వాని సంఖ్యయు, పరిమాణమును పెరుగును. వానికి రక్తము నందించు సన్నని నాళములు క్రొత్తగ పుట్టును. పొలమున క్రొత్త పిల్లకాలువలు త్రవ్వినట్లు. గుండె ఒక్కొక్క కొట్టుకొనుటలో మునుపటికంటె ఎక్కువ రక్తమును పంపును. అందువలన విశ్రాంతివేళ తక్కువసార్లు కొట్టుకొన్నను చాలును. ఇవన్నియు జరుగునది పరుగెత్తునపుడు గాదు. పరుగు ముగిసి, తిని, నిదురించినపుడు. పరుగు దుక్కి వంటిది. నిద్ర వాన వంటిది. దున్నుచునే యుండి వాననీయని వానికి పంట చేతికి రాదు.

ఇట్లయినచో సాధనలోనే 42 కిలోమీటర్లు పూర్తిగ పరుగెత్తరాదా యని యడుగవచ్చును. సాధారణముగ అట్లు చేయరు. ముప్పది, ముప్పదియైదు కిలోమీటర్ల పరుగుతోనే పైని చెప్పిన లాభములన్నియు కలుగును. అంతకుమించినచో కండరములకు గాయ మెక్కువై, కోలుకొనుటకే వారములు పట్టును. కావున పందెమునకు సుమారు మూడు వారములముందు చివరి పెద్ద పరుగును ముగించి, తరువాత దూరమును క్రమముగ తగ్గించుకొని, దేహమును నిండుకుండవలె సిద్ధపఱచుదురు.

ఇప్పుడు స్నేహితుల మాట. లిడియార్డు తన శిష్యులకు చెప్పిన హితవు చిన్నది: సాధన చేయుడు, నలిగిపోకుడు. ఎంత వేగముతో పోవలెను అనుటకు ఆయన కొలబద్ద గడియారము గాదు, మాట. పక్కవానితో సంభాషించుచు పోగలిగినంత వేగమే తగిన వేగము. మాట తెగి, రొప్పు వచ్చినచో హద్దు దాటితివని యర్థము. ఒంటరిగ పరుగెత్తువానికి ఈ కొలబద్ద చేతనుండదు. స్నేహితుడుండుట వినోదమునకు మాత్రమే కాదు. వేగమును కొలుచుటకును అతడే సాధనము.

ఈ మాట విన్నప్పుడు మన వైద్యగ్రంథములు చదివినవారికి వెంటనే సుశ్రుతుడు స్మరణకు వచ్చును. వ్యాయామమును తన బలములో సగము మేరకే చేయవలెనని ఆయన విధించెను. ఆ సగము ముగిసెనని తెలియుట యెట్లు? హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చినపుడు, అనగా ముక్కుతో చాలక నోటితో రొప్పవలసి వచ్చినపుడు, అర్ధబలము వ్యయమైనదని గుర్తింపుమనెను. వాగ్భటుడును అష్టాంగహృదయమున అర్ధశక్తి నియమమునే చెప్పి, అది బలవంతులకును, మంచి నెయ్యి నూనెలతో భుజించువారికిని, చలికాలమందును వసంతమందును తగుననియు, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెననియు హెచ్చరించెను. ఒకరు సంస్కృతమున సూత్రీకరించిన ఆచార్యులు. మఱియొకరు ఆక్లండు వీధులలో పరుగెత్తిన చెప్పులపనివాడు. ఒకరినొకరెఱుగరు. ఇరువురును ఊపిరినే కొలబద్దగా బట్టుకొనిరి. దేహధర్మము దేశమునుబట్టి మాఱదు గదా.

ఇచట నొక సందేహము రావచ్చును. మారథాను పరుగు సగము బలమున ముగియునా? ముగియదు. వైయటరువా కొండమార్గమును సుఖముగ ముగించినవాడెవడును లేడు. దీనికి సమాధానము వేగమునకును దూరమునకును గల భేదమున నున్నది. ఏ క్షణమునందైనను ఊపిరి హద్దు దాటకుండవలెను. అలసట వచ్చుట దూరముచేతనే గాని వేగముచేత గాకూడదు. ఎడ్లబండిని తోలువాడు రాత్రియంతయు ప్రయాణము చేయించును గాని ఎడ్లను ఉరుకులు పెట్టింపడు. ఉరుకులు పెట్టించినచో తెల్లవారునప్పటికి సంత చేరడు.

తోడు వలన మఱియొక మేలు కలదు. మన బోయీలు పల్లకి మోయునపుడు ఒకే లయతో పదము పలుకుచు నడచెడివారు. ఆ పలుకు భారమును తగ్గింపలేదు. కాని అడుగులను ఒక్కటి చేసెను, మనస్సును భారమునుండి మరలించెను. గుంపుగా పరుగెత్తువారి యనుభవమును అట్టిదే. దారిలో ఒకడు తూలినచో రెండవవాడు పట్టుకొనును. ఒకని నీళ్లు ఇద్దఱు పంచుకొందురు. తెల్లవారుజామున లేవనొల్లనివాడు తనకొఱకు నాలుగు దారులు కలియుచోట స్నేహితుడు వేచియుండునని లేచును. మాట యిచ్చినవాడు మంచము మీద నిలువలేడు.

కాని తోడు వలననే కీడును కలుగవచ్చును. గుంపులో ఒకడు పంతము పట్టి వేగము పెంచినచో సాధన పందెముగా మాఱును. బలహీనుడు సిగ్గుచే ఆగడు. బలవంతుడు గర్వముచే తగ్గడు. ఇట్టి పరుగుచే లాభము లేకపోగా గాయము మిగులును. గుంపు పొడవునా సాగిపోయినచో ముందున్నవారు నిలిచి, వెనుకవారిని కలుపుకొని పోవలయును. చివరివాడెవడో, ఎచ్చట నున్నాడో అందఱకు తెలిసియుండవలెను. ఆనాటి పరుగునకు పెద్ద యనదగినవాడు ముందున్నవాడు గాడు, చివరివాని వెంట నున్నవాడు.

ఇక ఆ ఆదివారపు పరుగుల ఫలము వినుడు. 1960లో రోము నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. సెప్టెంబరు 2వ తేదీన పీటర్ స్నెల్ 800 మీటర్ల పరుగున బంగారు పతకము గెలిచెను. అదే దినమున, కొంతసేపటికే, మర్రే హాల్బర్గు 5000 మీటర్ల పరుగున ప్రథముడయ్యెను. ఈ హాల్బర్గు ఎడమచేయి యౌవనమున బంతియాటలో దెబ్బతిని శుష్కించినది. ఆయన తరువాత వికలాంగులైన బాలబాలికల సేవకై యొక సంస్థను స్థాపించెను. సెప్టెంబరు 10వ తేదీ రాత్రి కాగడాల వెలుగున జరిగిన మారథానులో, ఇథియోపియా దేశపు అబెబె బికిలా చెప్పులు లేని కాళ్లతో 2 గంటల 15 నిమిషముల 16 సెకనులలో విజయము సాధింపగా, బారీ మెగీ తృతీయుడయ్యెను. స్నెల్, హాల్బర్గు, మెగీ మువ్వురును లిడియార్డు శిష్యులే. మువ్వురును ఆ కొండదారి తొక్కినవారే.

ఇందు గమనింపదగిన వింత యొకటి కలదు. స్నెల్ పరుగెత్తిన పందెము 800 మీటర్లు మాత్రమే. రెండు నిమిషములలోపల ముగియునది. రెండు నిమిషముల పనికి రెండు గంటలకు పైబడిన సాధన యేల? 1961 డిసెంబరులో ఆయన ఒక మారథానునే పరుగెత్తి 2 గంటల 41 నిమిషములలో ముగించెను. పిదప రెండునెలలు గడువకుండనే, 1962 జనవరి 27న, వాంగనుయి పట్టణమున పచ్చికబయలుపై ఒక మైలును 3 నిమిషముల 54.4 సెకనులలో పరుగెత్తి ప్రపంచములో అందఱిని మించెను. 1964లో టోక్యో క్రీడలలో 800, 1500 మీటర్లు రెండును గెలిచెను. తరువాత ఆయన అమెరికాలో శరీరధర్మశాస్త్రము నభ్యసించి పరిశోధకుడై, దీనికి కారణము తానే వివరించెను. కండరములందు నెమ్మదిగ పనిచేయు తంతువులు కొన్ని, వేగముగ పనిచేయు తంతువులు కొన్ని కలవు. దూరపు పరుగున మొదట నెమ్మది తంతువులే పనిచేయును. వానిలోని గ్లైకోజెన్ తఱుగగానే, వేగమునకై దాచబడిన తంతువులును పనిలోనికి రాక తప్పదు. అట్లు అవియు ఓర్పు నేర్చుకొనును. తొలినాడు స్నెల్ కన్ను తడిపిన ఆ కడపటి మైళ్లు వృథా పోలేదు.

ఈ కథను మీకేల చెప్పవలసి వచ్చెనో యిప్పుడు తెలియును. హైదరాబాదు నగరమున 2011 మొదలు ఏటేట ఆగస్టు నెలలో మారథాను జరుగుచున్నది. దానికై సిద్ధపడువారు నెలల తరబడి తెల్లవారుజామున గుంపులుగా పరుగెత్తుదురు. అది పట్టణపు ముచ్చట. పల్లెలలో దానికంటె ముఖ్యమైన పరుగు వేఱొకటి కలదు. పోలీసు ఉద్యోగమునకును, సైన్యమున చేరుటకును దేహపరీక్షలో 1600 మీటర్ల పరుగు నెగ్గవలెను. ఆ పరుగుమీద ఒక్కొక్క యింటి బ్రదుకు ఆధారపడియున్నది. ప్రకటన వెలువడినంతనే పిల్లలు తారురోడ్డు మీదను, చెఱువుకట్ట మీదను ఉరుకులు మొదలుపెట్టుదురు. ప్రతిదినము ఉన్న బలమంతయు నొడ్డి, గడియారము చేతబట్టి, అదే 1600 మీటర్లు పరుగెత్తుదురు. నెల తిరుగకుండ ఒకనికి మోకాలు, ఒకనికి ముంగాలి యెముక నొప్పిపట్టును. పరీక్షనాడు ఎండలో కుప్పగూలినవారి వార్తలను, ప్రాణములు కోల్పోయినవారి వార్తలను మనము పత్రికలలో చదివియే యున్నాము.

వారికి స్నెల్ చరిత్రము గొప్ప పాఠము. మైలు పరుగునకు పునాది మైలు కాదు. వారమున కొకమారు, తోటివారితో, మాటలాడుకొనుచు, నెమ్మదిగ చేయు దూరపు పరుగు. పరీక్షకు నాలుగైదు నెలల ముందే ఆరంభింపవలెను. మొదటి వారములలో కొంత నడక, కొంత పరుగుగా ముప్పావుగంట చాలును. వారము వారము కొలదికొలదిగ పెంచుకొనుచు గంట, గంటన్నర వఱకు పోవచ్చును. మూడు వారములు పెంచి నాల్గవ వారము తగ్గించుట మేలు. గుండెయు ఊపిరితిత్తులును త్వరగ బలపడును గాని, ఎముకలును స్నాయువులును నెమ్మదిగ బలపడును. ఊపిరి యందుచున్నదని దూరమును ఒక్కసారి రెట్టింపు చేసినచో ఎముక ఓర్వదు. వేగపు పరుగులు చివరి నెలలలో, వారమునకు ఒకటి రెండు దినములు మాత్రమే చేయవలెను.

ఆడపిల్లలకును ఈ పరీక్షలున్నవి. చీకటియుండగా ఒంటరిగ రోడ్డుమీద పరుగెత్తుట వారికి కష్టము. వింతగ చూచు కన్నులు కూడ తక్కువ గావు. ఇద్దఱు ముగ్గురు పిల్లలు కలసి పోవునట్లు ఏర్పాటు చేసి, వీలైనచో పెద్దలలో ఒకరు సైకిలు మీద వెంట నుండుట గ్రామమునకు కీర్తియే గాని వెలితి కాదు. రోడ్డుమీద పరుగెత్తువారెవరైనను ఎదురుగ వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కనే పోవలయును. లేతరంగు వస్త్రములు ధరింపవలయును.

పెద్దలు తెలిసికొనవలసిన జాగ్రత్తలు మఱికొన్ని కలవు. వాగ్భటుడు చెప్పిన ఋతునియమము మన వేసవికి మిక్కిలి యనువైనది. చైత్రము దాటిన పిమ్మట సూర్యోదయమునకు ముందే పరుగు ముగింపవలెను. గాలిలో తేమ హెచ్చుగనున్న దినమున చెమట ఆరదు. చెమట ఆరనిదే దేహము చల్లబడదు. పరుగెత్తువాడు తూలుచు, పొంతనలేని మాటలాడుచు, ఒడలు కాలిపోవుచున్నచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదలుచేసి, ఒంటినిండ చల్లని నీళ్లు పోయుచు, విసరుచు, ఆసుపత్రికి కబురు పంపవలెను. మొదట చల్లపఱచుట, పిదప తరలించుట. స్మృతి లేనివాని నోట నీళ్లు పోయరాదు.

నీటి విషయమునను మితము కావలెను. దాహమునకు తగినట్లు త్రాగుట మంచిది. గంటల తరబడి చెమటోడ్చుచు ఉప్పులేని నీళ్లనే కడవలకొలది త్రాగినచో రక్తమున ఉప్పు పలుచనై ప్రాణాపాయము కలుగవచ్చును. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అరటిపండు మన యింటనే యున్నవి. పరుగు ముగిసిన గంటలోపల అన్నమో మఱేదైన ఆహారమో తీసికొన్నచో ఖాళీయైన గాదె త్వరగ నిండును. పూర్తిగ నిండుటకు ఒకటి రెండు దినములు పట్టును. పరుగునకు ముందు నొప్పిమాత్రలు మ్రింగు దురలవాటు మూత్రపిండములకు హాని చేయును, దానిని మాన్పింపవలెను. పరుగెత్తునపుడు గుండెలో నొప్పి వచ్చినవాడును, సొమ్మసిల్లినవాడును, వంశమున చిన్నవయస్సున హఠాత్తుగ మరణించినవారు గలవాడును వైద్యునికి చూపించుకొనక పరుగు మొదలు పెట్టరాదు.

మన దేశమున శివనాథ్ సింగు అను సైనికుడు 1978లో జలంధరమున మారథానును 2 గంటల 12 నిమిషములలో ముగించెను. బీహారు పల్లెలో పుట్టి, పాదరక్షలు లేకయే పరుగెత్తుట కలవాటు పడినవాడు. దశాబ్దముల పాటు ఆ కాలమును మించిన భారతీయుడు లేడాయెను. పల్లెబిడ్డలకు లేనిది దేహబలము గాదు. ఓర్పుతో దానిని పెంచుకొను దారి చెప్పువారు.

ఆ దారి చెప్పుటకు పెద్దలు పరుగెత్తవలసిన పనిలేదు. పిల్లవాడు ఇల్లు చేరినపుడు "ఎంత సేపటిలో వచ్చితివి?" అని యడుగుటకు బదులు, "ఎవరితో పోయితివి? దారిలో మాటలాడుకొంటిరా? అందఱును తిరిగి వచ్చిరా?" అని యడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పగలిగినవాని సాధన సరియైన త్రోవలో నున్నది. తరువాత వానికి ఇంత మజ్జిగ యిచ్చి, కొంచెము నిదురపోనిండు.